చచ్చుబడిన కీళ్ల సాక్ష్యం ఎంతవరకు? సముద్ర సరీసృపాల శిలాజాల్లో ఎముక వ్యాధులు

1987లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న పత్రం ప్రచురించారు. వారిలో బ్రూస్ రోత్‌షైల్డ్ కీళ్లవ్యాధుల వైద్యుడు, లారీ మార్టిన్ కాన్సస్ విశ్వవిద్యాలయంలో శిలాజ శాస్త్రవేత్త. క్రెటేషియస్ యుగపు సముద్రాల్లో తిరిగిన మోససార్లనే భారీ జలచర బల్లుల వెన్నుపూసలను పరీక్షించినప్పుడు, లోతైన నీటిలో పనిచేసే డైవర్ల భుజం, తుంటి కీళ్లలో వైద్యులకు కనిపించే మార్పే వాటిలోనూ కనిపించిందని వారు రాశారు. రక్తం అందక ఎముకలో కొంత భాగం చచ్చుబడటం ఆ మార్పు. వైద్యులు దాన్ని అవాస్కులర్ నెక్రోసిస్ అంటారు. ప్లాటెకార్పస్, టైలోసారస్ అనే రెండు ప్రజాతుల్లో అది కనిపించింది, క్లిడాస్టెస్ అనే మూడో ప్రజాతిలో కనిపించలేదు. కాబట్టి మొదటి రెండూ లోతుకు మునిగి తిరిగేవనీ, మూడోది ఉపరితలానికి దగ్గరలోనే బతికేదనీ వారు నిర్ధారించారు.

ఎనిమిది కోట్ల ఏళ్ల నాటి జంతువు ఎంత లోతుకు మునిగేదో దాని వెన్నుపూసలోని ఒక మచ్చ చెప్పగలదన్న ఈ ఆలోచన సహజంగానే చాలామందిని ఆకర్షించింది. తర్వాతి దశాబ్దాల్లో ఇదే పద్ధతిని శిలాజ తాబేళ్లకు, నాలుగు తెడ్లతో ఈదిన ప్లీసియోసార్లకు, చేప ఆకారపు ఇక్తియోసార్లకు కూడా వర్తింపజేశారు. అయితే మచ్చకూ లోతుకూ మధ్య నాలుగు మెట్లున్నాయి. ఆ మార్పు జంతువు బతికి ఉన్నప్పుడే జరిగిందని ముందు తేలాలి. అది నిజంగా ఎముక చచ్చుబడటమేనని తేలాలి. అలా చచ్చుబడటానికి కారణం రక్తంలో ఏర్పడిన వాయు బుడగలేనని తేలాలి. ఆ బుడగలు లోతైన మునకల వల్లే వచ్చాయని చివరగా తేలాలి. మొదటి రెండు మెట్లు చాలావరకు గట్టివే. మూడోది నమ్మదగినది. నాలుగోదాని మీద మాత్రం, నా అభిప్రాయంలో, అది మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పెట్టారు.

ఎముకకు తెలిసిన రెండు పనులు

ఎముకలో ఒక రకం కణాలు పాత పదార్థాన్ని కరిగిస్తూ ఉంటాయి, మరో రకం కణాలు కొత్త పదార్థాన్ని పేరుస్తూ ఉంటాయి. వ్యాధి ఏదైనా సరే, ఎముక స్పందన ఈ రెండు పనుల్లో ఒకటి పెరగడమో, మరొకటి తగ్గడమో, రెండూ అదుపు తప్పడమో మాత్రమే అవుతుంది. అందుకే పరస్పరం సంబంధం లేని వ్యాధులు కూడా ఎముక మీద దాదాపు ఒకే రకం గుర్తులు వదులుతాయి. ఆస్పత్రిలో వైద్యుడికి రోగి చెప్పే మాట, జ్వరం, రక్తపరీక్ష సాయపడతాయి. శిలాజాన్ని చదివేవారికి గుంటలు, ఉబ్బులు, అతుకులు, లోపలి సాంద్రతలో తేడాలు తప్ప మరేమీ మిగలవు. పైగా మెత్తటి అవయవాలకే పరిమితమైన వ్యాధులు అసలు శిలాజానికి ఎక్కవు. త్వరగా చంపే వ్యాధి కూడా ఎముక మీద గుర్తు పడేంత సమయం ఇవ్వదు. అంటే మనకు దక్కే నమూనాలన్నీ ఏదో ఒక మేరకు వ్యాధితో కొంతకాలం బతికిన జంతువులవే.

బతికి ఉండగానే జరిగిన మార్పును గుర్తించడానికి నమ్మకమైన ఆధారం, మానడానికి ఎముక చేసిన ప్రయత్నం. విరిగిన అంచులు గుండ్రబడటం, విరుపు చుట్టూ కొత్త ఎముక ముద్దగా పేరుకోవడం, చీము బయటికి పోవడానికి కాలువలు ఏర్పడటం వంటివి చచ్చిన ఎముకలో జరగవు. ఇవి లేనిచోట జాగ్రత్త తప్పదు, ఎందుకంటే సముద్రపు అడుగున పడిన కళేబరాన్ని చాలా శక్తులు గాయపరుస్తాయి. మట్టి పొరల బరువుకు కీలు తలలు అణిగిపోతాయి. సొరచేపలు ఎముకలను కొరుకుతాయి. ఈనాడు తిమింగలాల కళేబరాలను తొలిచి తినే ఒసెడాక్స్ అనే పురుగుల జాతి తవ్విన రంధ్రాలు సుమారు 10 కోట్ల ఏళ్ల నాటి ప్లీసియోసార్ ఎముకలోనూ, సముద్ర తాబేలు ఎముకల్లోనూ ఉన్నాయని 2015లో బ్రిటన్ నమూనాల మీద చేసిన పరిశోధన చూపింది. బయట చిన్న రంధ్రం, లోపల పెద్ద గూడు ఉండే అలాంటి తొలుపును సీటీ స్కాన్ లేకుండా చూస్తే చీముగూడుగా పొరబడే అవకాశం ఉంది.

ఇంతకంటే చిక్కైన సమస్య మరొకటుంది. నేల మీది పూర్వికుల నుంచి సముద్రానికి తిరిగివెళ్లిన సరీసృపాల ఎముకలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే నేల జంతువుల ఎముకల్లా ఉండవు. తీరపు నీటిలో బతికిన కొన్నింటి పక్కటెముకలు, వెన్నుపూసలు బాగా లావెక్కి, లోపల గుల్ల లేకుండా బరువుగా ఉంటాయి. నీటిలో తేలిపోకుండా అది వాటికి ఉపయోగపడేది. హంగరీకి చెందిన ఫ్రాంజ్ నోప్చా 1923లోనే సముద్ర జంతువుల్లో ఇలా ఎముకలు లావెక్కడం, గట్టిపడటం గురించి రాశాడు. నడిసముద్రంలో వేగంగా ఈదిన ఇక్తియోసార్లలో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాటి ఎముకలు ఆస్టియోపోరోసిస్ సోకిన మనిషి ఎముకల్లా గుల్లబారి ఉంటాయి, అయినా అది వ్యాధి కాదు. ఇక ప్లీసియోసార్ల, ఇక్తియోసార్ల తెడ్డు ఎముకల కొనల మీద జీవితాంతం మందమైన మృదులాస్థి పొర ఉండేది. ఆ పొర కుళ్లిపోయాక బయటపడే ఎముక కొన సహజంగానే గరుకుగా, చిన్న చిన్న గుంటలతో కనిపిస్తుంది. కీలు ఉపరితలం కుంగిపోవడాన్నే వ్యాధి లక్షణంగా తీసుకునే పరిశోధనల్లో ఈ తేడాను పట్టించుకున్నారా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

నిస్సందేహంగా చెప్పగలిగిన రోగాలు

ఇన్ని అడ్డంకులున్నా, కొన్ని నమూనాల్లో వ్యాధి నిర్ధారణ ఆశ్చర్యకరమైనంత స్పష్టంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో వెస్ట్‌బరీ దగ్గర మట్టి గనిలో దొరికి ఇప్పుడు బ్రిస్టల్ మ్యూజియంలో ఉన్న ప్లయోసార్ (పొట్టి మెడ, పెద్ద తల ఉన్న ప్లీసియోసార్) పుర్రె అలాంటిది. సుమారు ఎనిమిది మీటర్ల పొడవున్న ఈ జురాసిక్ వేటజంతువు దవడ కీలును క్షీణత వల్ల వచ్చే కీళ్లవాతం తినేసిందని 2012లో జుడిత్ సాసూన్, ఆమె సహచరులు వివరించారు. కీలు అరిగిపోవడంతో కింది దవడ ఒక పక్కకు జరిగింది. పై దవడ పళ్లు తమ చోట్లో కుదురుకోక కింది దవడ ఎముక మీదే దిగి గుంటలు చేశాయి. ఆ గుంటలు ఒక్కరోజులో ఏర్పడేవి కావు. వంకర దవడతోనే ఆ జంతువు చాలాకాలం వేటాడి తిన్నదని అవి చెబుతాయి. చివరికి బలహీనపడిన దవడ విరిగినట్టు మానని విరుపు ఒకటి కనిపిస్తుంది. దవడ విరిగిన అంత పెద్ద వేటజంతువుకు ఆ తర్వాత ఎక్కువ కాలం లేదని వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ కీలు, దవడ, పళ్లు మూడూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. ఒంటరి ఎముక ముక్క ఎప్పుడూ ఇవ్వలేని నమ్మకం ఇది.

మోససార్ల దవడల్లో ఇన్‌ఫెక్షన్లు కూడా బాగా నమోదయ్యాయి. నెదర్లాండ్స్‌లోని మాస్‌ట్రిక్ట్ ప్రాంతపు సున్నపురాళ్లలో దొరికిన మోససారస్ హాఫ్‌మానీ దవడలో దీర్ఘకాలిక ఎముక ఇన్‌ఫెక్షన్ గుర్తులున్నాయి. కాన్సస్ రాష్ట్రపు సుద్దరాళ్లలో దొరికిన మోససార్ అస్థిపంజరాల్లో సొరచేప పన్ను వెన్నెముకలో విరిగి ఉండిపోగా, దాని చుట్టూ ఇన్‌ఫెక్షన్ వచ్చి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయిన ఉదాహరణ ఉంది. సొరచేప కరిచింది చచ్చిన కళేబరాన్నా, బతికున్న జంతువునా అన్న పాత వాదనకు అతుక్కున్న ఆ పూసలే సమాధానం. జర్మనీలోని తొలి జురాసిక్ పలకరాళ్లలో దొరికిన టెమ్నోడాంటోసారస్ అనే పెద్ద ఇక్తియోసార్లలో పుర్రె మీద, పక్కటెముకల మీద మానిన గాయాలు తరచుగా కనిపిస్తాయి.

అన్నిటికంటే సాహసోపేతమైన నిర్ధారణ పోలండ్ నుంచి వచ్చింది. దక్షిణ పోలండ్‌లోని గోగొలిన్‌లో దొరికిన ప్రోన్యూస్టికోసారస్ అనే సుమారు 24.5 కోట్ల ఏళ్ల నాటి సరీసృపపు పక్కటెముకల మీద చిన్న చిన్న ఉబ్బులున్నాయి. దావిద్ సుర్మిక్, అతని సహచరులు 2018లో మైక్రో సీటీ స్కాన్ తీసి, ఇతర కారణాలను పరిశీలించి పక్కన పెట్టి, అవి క్షయ లాంటి ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చి ఉంటాయని సూచించారు. ‘క్షయ లాంటి’ అని వారు రాసిన తీరును గమనించాలి. వార్తల్లో అది చాలాచోట్ల క్షయగానే మారిపోయింది. ఎముక ఉబ్బును బట్టి ఊపిరితిత్తికి వ్యాధి ఉందనడం ఒక మెట్టు, ఫలానా సూక్ష్మజీవి వల్ల అనడం దానికి చాలా పైనున్న మెట్టు. రాతిలో సూక్ష్మజీవి మిగలదు గనక ఆ రెండో మెట్టు ఎక్కకపోవడమే మంచిది.

నైట్రోజన్ చేసే పని

ఇప్పుడు మొదటి విషయానికి వద్దాం. నీటిలో ప్రతి పది మీటర్లకూ పీడనం ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల్లోని నైట్రోజన్ రక్తంలోకి, అక్కడినుంచి కణజాలాల్లోకి ఎక్కువగా కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది మళ్లీ ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. వేగంగా వస్తే రక్తంలోనే బుడగలుగా విడివడి సన్నని రక్తనాళాలను మూసేస్తుంది. 1870ల్లో అమెరికాలో పెద్ద వంతెనల పునాదుల కోసం నది అడుగున, గాలిని ఒత్తిడితో నింపిన గదుల్లో పనిచేసిన కూలీలు పైకి రాగానే నొప్పులతో మెలికలు తిరిగిపోవడం, కొందరు చనిపోవడం ఈ వ్యాధిని వైద్యుల దృష్టికి తెచ్చింది. కారణం నైట్రోజన్ బుడగలేనని ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో చూపాడు. దాని దీర్ఘకాలిక ఫలితంగా కీళ్ల ఎముకలు చచ్చుబడతాయన్నది 20వ శతాబ్దపు ఆరంభంలో, ఎక్స్‌రే అందుబాటులోకి వచ్చాక తెలిసింది.

శరీరంలో అన్ని చోట్లా బుడగలు ఏర్పడగలిగినప్పుడు ఎముకే ఎందుకు ఎక్కువగా దెబ్బతింటుంది? పెద్ద ఎముకల కొనల్లోని మజ్జలో కొవ్వు ఎక్కువ. నైట్రోజన్ నీటిలో కంటే కొవ్వులో దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా కరుగుతుంది. ఆ మజ్జ చుట్టూ ఉన్నది గట్టి గోడ కాబట్టి బుడగ వ్యాకోచించడానికి చోటుండదు, ఒత్తిడి రక్తనాళాల మీద పడుతుంది. తుంటి కీలులోని తొడ ఎముక తలకు రక్తం తెచ్చే నాళాలు తక్కువ. ఒకటి మూసుకుపోతే బదులు దారి ఉండదు. చచ్చిన భాగం వెంటనే కూలదు. నెలలు గడిచేకొద్దీ దాని కింది ఆధారం బలహీనపడి, కీలు ఉపరితలం కుంగుతుంది. శిలాజంలో వెతికేది ఈ కుంగుబాటునే, లేదా పూస లోపల ఎక్స్‌రేలో కనిపించే సాంద్రత మార్పునే.

మనుషుల్లో ఇదే లక్షణానికి స్టెరాయిడ్ మందులు, మితిమీరిన మద్యం, సికిల్ సెల్ వ్యాధి, రేడియేషన్, దెబ్బలు కూడా కారణమవుతాయి. మోససార్ల విషయంలో మందులూ మద్యమూ ఎలాగూ లేవు. దెబ్బ తగిలితే ఒకటి రెండు చోట్లే దెబ్బతింటుంది తప్ప ఒక ప్రజాతిలో పదే పదే, అనేక పూసల్లో కనిపించదు. ఈ తీసివేత పద్ధతిలో చివరికి మిగిలింది డీకంప్రెషన్, అంటే పైకి వచ్చేటప్పుడు పీడనం వేగంగా తగ్గి బుడగలు ఏర్పడటం. వాదనగా ఇది బలమైనదే. అయినా తీసివేతతో వచ్చిన నిర్ధారణ బలం మనం తయారు చేసుకున్న కారణాల జాబితా ఎంత పూర్తిగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది, ఆ జాబితా మనిషి వ్యాధుల నుంచి తీసుకున్నది.

బతికున్న జంతువుల నుంచి వచ్చిన సాక్ష్యం ఈ మూడో మెట్టును కొంత గట్టిపరిచింది. గాలి పీల్చే సముద్ర జంతువులకు డీకంప్రెషన్ బాధ ఉండదని చాలాకాలం అనుకున్నారు. 1940లో పెర్ షోలాండర్ ప్రతిపాదించినట్టు, లోతులో వాటి ఊపిరితిత్తుల గాలిగదులు ముడుచుకుపోయి నైట్రోజన్ రక్తంలోకి వెళ్లడం ఆగిపోతుందన్నది అందుకు కారణం. కానీ 2002లో కానరీ దీవుల దగ్గర నౌకాదళ విన్యాసాల సమయంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కు తిమింగలాల శరీరాల్లో బుడగల వల్ల కలిగే గాయాలు కనిపించాయి. 2004లో మైకేల్ మూర్, గ్రెగ్ ఎర్లీ స్పెర్మ్ తిమింగలాల అస్థిపంజరాలను పరిశీలించి, వయసుతో పాటు పెరిగే ఎముక గుంటలను నైట్రోజన్‌కు ముడిపెట్టారు. 2014లో స్పెయిన్ తీరంలో చేపల వలల్లో చిక్కిన లాగర్‌హెడ్ తాబేళ్లలో డీకంప్రెషన్ లక్షణాలున్నాయని పశువైద్యులు నిర్ధారించారు. సరీసృపానికి ఈ వ్యాధి రాగలదనడానికి అది నేరుగా దొరికిన రుజువు.

లేకపోవడానికి రెండు అర్థాలు

ఈ తాబేళ్ల ఉదాహరణే నాలుగో మెట్టును కదిలిస్తుంది. అవి తమంతట తాము మునిగినప్పుడు ఊపిరితిత్తులకు వెళ్లే రక్తాన్ని బాగా తగ్గించుకుంటాయి, అందువల్ల నైట్రోజన్ లోపలికి చేరదు. వలలో చిక్కి గింజుకునేటప్పుడు ఆ అదుపు తప్పుతుంది; ఆపైన వలతో పాటు పైకి లాగేస్తారు. అంటే వాటికి బుడగలు రావడానికి అసలు కారణం లోతు కాదు, అలవాటైన మునక భంగం కావడం. లెదర్‌బ్యాక్ తాబేలు 1,200 మీటర్లకు మించి మునిగిన రికార్డు ఉంది, అయినా అది రోజూ లోతుకు వెళ్లి వస్తూనే బతుకుతోంది. మునకకు చక్కగా అలవాటుపడిన జంతువులో గుర్తు ఉండకపోవచ్చు. అలవాటు సరిగా కుదరని జంతువు తక్కువ లోతులోనే దెబ్బతినవచ్చు. ఈ దృష్టితో చూస్తే ప్లాటెకార్పస్ పూసల్లోని మచ్చ దాని మునక లోతును చెప్పదు. లోతు, వేగం, శరీర సన్నద్ధత అనే మూడింటి పొందిక ఎక్కడో తప్పిందని మాత్రమే చెబుతుంది. మచ్చ లేని క్లిడాస్టెస్ పైపైన ఈదేదైనా కావచ్చు, మెరుగైన డైవరైనా కావచ్చు.

రోత్‌షైల్డ్ బృందమే 2012లో ఇక్తియోసార్ల విషయంలో ఈ రెండో రకం వివరణను ఎంచుకోవడం గమనించదగ్గది. మధ్య జురాసిక్ చివరి నుంచి క్రెటేషియస్ వరకు ఉన్న ఇక్తియోసార్లలో 15 శాతానికి మించి చచ్చుబడిన కీళ్లు కనిపించాయి, తొలి క్రెటేషియస్‌లో అది 18 శాతానికి చేరింది. అంతకుముందు నమూనాల్లో అవి అరుదు, లేదా అసలు లేవు. మోససార్లలో గుర్తు లేకపోతే లోతుకు వెళ్లలేదని అర్థం చెప్పినవారు, ఇక్కడ మాత్రం జురాసిక్‌కు ముందరి ట్రయాసిక్ యుగపు ఇక్తియోసార్లు తీరికగా మునిగి తేలేవనీ, పెద్ద వేటజంతువులు తరిమే రోజులు వచ్చాకే ప్రాణభయంతో పైకి దూసుకురావడం మొదలై వ్యాధి పెరిగిందనీ చెప్పారు. ఒకే లేమికి రెండు చోట్ల రెండు అర్థాలు చెప్పడం తప్పేమీ కాదు. అయితే ఏ చోట ఏ అర్థం వర్తిస్తుందో ఎముక దానంతటది తేల్చలేదని ఒప్పుకున్నట్టే అయింది.

వలలో గింజుకున్న తాబేళ్లను తలచుకుంటే భయం వల్ల వ్యాధి అన్న ఆలోచన నాకు లోతు వాదన కంటే సహేతుకంగా తోస్తుంది. కానీ ట్రయాసిక్ సముద్రాల్లో భయపెట్టేవారు లేరనడం నిలవదు. నెవాడాలో దొరికిన థలాట్టోఆర్కాన్ అనే, కనీసం ఎనిమిది మీటర్ల పొడవున్న ఇక్తియోసార్ సుమారు 24.4 కోట్ల ఏళ్ల క్రితమే తనంత పెద్ద జంతువులను కోసి తినగల పళ్లతో ఉండేదని 2013లో వెల్లడైంది. చైనాలోని గ్వీజౌలో దొరికిన మధ్య ట్రయాసిక్ ఇక్తియోసార్ కడుపులో సుమారు నాలుగు మీటర్ల పొడవున్న మరో సరీసృపపు మొండెం ఉన్న సంగతి 2020లో ప్రచురితమైంది. తరిమేవారు అప్పటికే ఉన్నారు.

లోతుకు వేరే ఆధారాలు కూడా లేకపోలేదు. ఆఫ్తాల్మోసారస్ కన్ను 22 సెంటీమీటర్లకు పైగా, టెమ్నోడాంటోసారస్ కన్ను సుమారు 26 సెంటీమీటర్ల వ్యాసం ఉండేదని 1999లో ర్యోసుకే మొతానీ, రోత్‌షైల్డ్, విలియం వాల్ కంటిగుడ్డులోని ఎముక వలయాలను కొలిచి లెక్కగట్టారు. మసక వెలుతురులో వేటాడడానికి అంత పెద్ద కన్ను పనికొస్తుంది. కీళ్లలోని గుర్తును ఇలాంటి స్వతంత్ర సాక్ష్యం పక్కన పెట్టినప్పుడే లోతు గురించి మాట్లాడటానికి బలం చేకూరుతుంది.

ఇక రెండో మెట్టు, అంటే ఎముక చచ్చుబడిందని గుర్తించడం, ఇటీవల బాగా మెరుగుపడింది. ప్లీసియోసార్లకు దగ్గరి బంధువైన మధ్య ట్రయాసిక్ యుగపు పిస్టోసారస్ ఎముకల మీద సుర్మిక్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ఇందుకు మంచి నమూనా. ఒక తొడ ఎముక తల ఇన్‌ఫెక్షన్ వల్ల చచ్చుబడింది. అదే జాతికి చెందిన, జర్మనీలో దొరికిన మరో ఎముకలో రక్తం అందక చచ్చుబడిన గుర్తులున్నాయి. పైకి రెండూ కీలు దెబ్బతిన్న ఎముకలే. ఉపరితలపు రూపాన్నీ లోపలి నిర్మాణాన్నీ ఖనిజాల కూర్పునూ కలిపి పరిశీలిస్తేనే వాటిని వేరు చేయగలిగారు. ఈ స్థాయి పరీక్ష జరగని పాత నమూనాల లెక్కల్లో ఇన్‌ఫెక్షన్ వల్ల చచ్చుబడినవి కూడా డీకంప్రెషన్ ఖాతాలో పడి ఉండవచ్చు. పిస్టోసారస్ ట్రయాసిక్ జంతువు కాబట్టి, ఇక్తియోసార్లలో జురాసిక్‌కు ముందు అరుదుగా కనిపించిన ఈ వ్యాధి, వాటి పొరుగున బతికిన మరో సరీసృప శాఖలో అప్పటికే ఉందని కూడా ఆ ఎముకలు చూపుతున్నాయి.